బావ స్పీకర్ల మీది బొట్టు

నా చేతిరాత కోడి గెలికినట్టు ఉంటుంది. మా ఊళ్లో బడి ఎంతవరకు ఉందో అంతవరకే చదివాను. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ తప్పుతాయి. అచ్చుకు ముందు ఎవరైనా దిద్దుకోవాలి, చదివేవారు మన్నించాలి. రాయక తప్పని పని పడింది. మా బావ పోయాడు. శివరాత్రి దాటిన తర్వాత ఒక పొద్దున చాయ తాగి, గ్లాసు కింద పెట్టి, ఛాతీలో బరువుగా ఉందన్నాడు. ఆటోలో ఉప్పల్ దవాఖానకు తీసుకుపోయాము. డాక్టరు చూసి, దారిలోనే అయిపోయిందని చెప్పాడు.

ఈ పత్రికను బావ మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదివేవాడు. పాటలు వినే మీలాంటివాళ్లు ఏ యంత్రం మీద వింటున్నారో, గదిలో దాన్ని ఎక్కడ పెట్టుకున్నారో రాస్తే, ఆ ఉత్తరాలు నాకు చదివి వినిపించేవాడు. తాను మాత్రం ఎప్పుడూ రాయలేదు. ఆయన తరఫున ఈ ఒక్కసారి నేను రాస్తున్నాను.

ఆయన మా అక్క భర్త. సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. నేను నాచారంలో ఒక ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్సు మీద పనిచేశాను. ఆ మోతకు నా ఎడమ చెవి దాదాపు పోయింది. మా రెండిళ్లూ ఒకే గల్లీలో ఉన్నాయి. నేను పెద్దగా మాట్లాడను, పెళ్లిళ్లలో కూడా వెనక వరసలో కూర్చుని అన్నం తిని వచ్చేస్తాను. బావకు నాలో నచ్చింది అదే.

"చెవిటోన్ని పట్టుకొని పాటలు వినవెడుతవేందయ్యా?" అని అక్క నవ్వేది.

"రెండు చెవులున్నోళ్లు మస్తుమంది ఉన్నరు. పాట అయ్యేదాక నోరు మూసుకునేటోడు మీ తమ్ముడొక్కడే," అనేవాడు బావ.

ఆయన పాటలు వినే గది మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన ఉంది. మంచం వేస్తే మనిషి పక్కకు తిరగలేడు. అందులో పాత సామాను ఉండేది. బావ రిటైరయ్యాక దాన్ని ఖాళీ చేసి సున్నం వేయించాడు. ఆ తర్వాత చప్పట్లు కొట్టుకుంటూ ఒక గోడ నుంచి ఇంకో గోడకు తిరిగేవాడు. గది ఎక్కడ మోగుతోందో అలా తెలుస్తుందట. భజన ఎప్పుడు మొదలుపెట్టావని పక్కింటాయన అడిగాడు. మోత తగ్గడానికి అక్క పాత చీరలతో కుట్టిన బొంతను వెనక గోడకు వేలాడదీశాడు. పాట పెట్టే ముందు ఫ్యాను ఆపేవాడు. ఎండాకాలమైనా సరే. ఇద్దరం చెమటలు కారుతూ కూర్చునేవాళ్లం. పాట అయిపోయినా వెంటనే లేవనిచ్చేవాడు కాదు. "ఆగు బామ్మర్దీ. అది ఇంక గదిలకెల్లి పోలే," అనేవాడు.

ఆ గదిలోకి అక్క వచ్చేది కాదు. చాయ తెచ్చి చివరి మెట్టు మీద పెట్టి, గిన్నె గరిటెతో కొట్టినట్టు తలుపు గొలుసు చప్పుడు చేసి దిగిపోయేది. "ఆ డబ్బాల ముందట దేవుని ముందట గూసున్నట్టు గూసోవాల్నా? నాకు పని లేదా?" అనేది. బావ నవ్వి ఊరుకునేవాడు. కానీ పాత స్పీకర్ల అంచుల్లోని మెత్త చివికిపోయి గరగర మొదలైనప్పుడు, మనసులో ఉన్నది బయటికి వచ్చింది.

"గీసారి తెచ్చేటివి మీ అక్క వచ్చి గూసునేటట్టు ఉండాలె," అన్నాడు.

దసరా వెళ్లాక అంబర్‌పేట్‌లో ఒక దుకాణానికి పోయాము. దుకాణదారు కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి, మర్యాదస్తుడు. మనిషంత ఎత్తున్న స్పీకర్ల ముందు మమ్మల్ని కూర్చోబెట్టాడు.

"ఇది వినండి సార్. గుండె అదిరిపోద్ది!"

"అదరకుండ జూస్కొమ్మని డాక్టర్ చెప్పిండు నాయినా," అన్నాడు బావ.

దుకాణదారు నవ్వి, అవే మంచివని, ఇంట్లో పెట్టుకుని విని చూడమని పంపించాడు. మా గదికి అవి ఎక్కువయ్యాయి. డప్పు మోగినప్పుడల్లా బీరువా పిడి టకటకలాడింది. కిటికీలో ఉన్న స్టీలు గ్లాసు తనంతట తానే జరిగింది. కింద నుంచి అక్క గొంతు వినిపించింది: "మీద ఏం కూలగొడుతున్నవయ్యా?"

"సూసినవా, ఇగ వచ్చి గూసున్నట్టే," అన్నాడు బావ నాతో.

అప్పుడు ఫోను తీశాడు. ఆ దసరాకు మా గల్లీలో ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతుంటే మేడ మీద నిలబడి రికార్డు చేశాడట. నాకు అప్పటిదాకా చెప్పలేదు. అక్క ముందు పాడితే మిగతావాళ్లు అందుకునే పాట. అందులో ఆటో హారన్ ఉంది, ఎవరింట్లోనో కుక్కర్ విజిల్ ఉంది. దాన్ని ఆ పెద్ద స్పీకర్ల మీద పెట్టాడు. చప్పట్లు రోకలి దంచినట్టు వచ్చాయి. గొంతులన్నీ కలిసి ముద్దయిపోయాయి.

మర్నాడు దుకాణదారు వాటిని తీసుకుపోవడానికి వచ్చి, ఆ రికార్డు విని తల గోక్కున్నాడు. "ఫోనులో తీసిన దాంతో స్పీకర్లను తూచలేమండి. మంచి రికార్డింగ్ నేనిస్తాను కదా."

"తూచుడు గాదు. అండ్ల ఒక మనిషిని దేవులాడాలె," అన్నాడు బావ. దేవులాడటమంటే మా దగ్గర వెతకడం. దుకాణదారుకు ఏం అర్థమైందో తెలియదు. పెద్దవి దింపించుకుని, తన బండిలో ఉన్న చిన్న జతను పైకి తెప్పించాడు. పుస్తకాల అరలో పట్టేటంతవి. వంటింటి గట్టు కట్టగా మిగిలిన నల్లరాతి ముక్కలను ఇటుకల మీద వేసి, వాటి మీద నిలబెట్టాము. బావ నన్ను మంచి కుర్చీలో కూర్చోబెట్టి, నా కుడి చెవి ముందుకు వచ్చేటట్టు కుర్చీ తిప్పాడు. ఫ్యాను ఆపాడు. అదే పాట పెట్టాడు.

ఈసారి చప్పట్లు చప్పట్లలాగే ఉన్నాయి. ఒక్కొక్కరి గాజులు వేరుగా వినిపించాయి. అక్క గొంతు వేరుగా, కొంచెం వెనగ్గా ఉంది. ఆమెకు చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు. చరణం చివర అందరూ ఆపినా ఆమె ఆపదు, ఆమె గొంతు ఇంకా కాసేపు సాగుతుంది. ఆ సాగడం నాకు వినిపించింది. బావ పాట వైపు కాదు, నా మొహం వైపు చూస్తున్నాడు. నేను తల ఊపాను.

"ఇవే," అన్నాడు దుకాణదారుతో. నాతో మాత్రం, "అక్కకు చెప్పకు. వచ్చి గూసున్ననాడు వినవెడుదాం," అన్నాడు.

ఆమె ఆ రోజే వచ్చింది. కొత్త వస్తువు ఇంట్లోకి వస్తే బొట్టు పెట్టకుండా ఉంచదు మా అక్క. మిక్సీ అయినా, సిలిండర్ అయినా అంతే. దుకాణదారు కొత్త వైర్ల కోసం కిందికి, బండి దగ్గరికి పోయాడు. అక్క పసుపు కుంకుమ పళ్లెం పట్టుకుని పైకి వచ్చింది. స్పీకరు ముందుండే జాలీని బావ అప్పటికే తీసేశాడు. పైభాగంలో బుడిపెలాగా మెత్తని గుడ్డతో చేసిన చిన్న ట్వీటర్ ఉంటుంది, సన్నని ధ్వనులు దానిలోంచే వస్తాయి. వేలు తగలనియ్యొద్దని దుకాణదారు మరీమరీ చెప్పాడు. అక్కకు అది నుదురులాగా కనబడి ఉంటుంది. బొటనవేలు కుంకుమలో అద్ది, సరిగ్గా దాని నడుమ పెట్టి గట్టిగా అదిమింది. బుడిపె లోపలికి పోయి గుంట పడింది.

నేను బావ వైపు చూశాను. ఆయన ఆ గుంటను చూశాడు, అక్క మొహం చూశాడు. ఆమె సంతోషంగా ఉంది.

"మంచిగ వెట్టినవ్. ఆ రెండోదానికి గూడ వెట్టు," అన్నాడు. "జోడు ఒక్క తీరుగ ఉండాలె."

ఆమె రెండోదానికి కూడా అట్లాగే అదిమి పెట్టింది. దండం పెట్టుకుంది. "ఏదీ, ఎట్ల పాడుతయో వినవెట్టు," అని కుర్చీ అంచున కూర్చుంది కూడా. బావ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే దుకాణదారు వైర్లు పట్టుకుని లోపలికి వచ్చాడు.

"అయ్యయ్యో! ట్వీటర్లు రెండూ లోపలికి పోయాయేంటండీ? ఎవరు నొక్కారు?"

అక్క తన వేలు చూసుకుంది. పళ్లెం తీసుకుని లేచింది. "అరె, ఏం గాలే, గూసో," అని బావ అంటూనే ఉన్నాడు. ఆమె దిగిపోయింది.

మళ్లీ ఆ గదిలోకి రాలేదు. చాయ మెట్టు మీదికి వచ్చేది, ఆమె మాత్రం రాలేదు. దుకాణదారు పాపం నొచ్చుకుని, అవి మార్చి కొత్తవి వేస్తానన్నాడు. బావ వద్దన్నాడు. పాట పెట్టి విని, "చప్పట్లు గట్లనే ఉన్నయి," అన్నాడు. నా కుడి చెవికీ అట్లాగే ఉన్నాయి. సాయంత్రం పాట వినేటప్పుడు గది తలుపు తెరిచి ఉంచడం అప్పటి నుంచే మొదలైంది.

"నేను పిలుచుకొస్త బావా," అన్నాను ఒకసారి.

"వద్దు. పిలిస్తే మొకమాటానికి వస్తది. పాటకు రావాలె."

అట్లా చలికాలం పోయింది. ఆ తర్వాతి సంగతి మొదట్లోనే రాశాను.

దినాలు అయిపోయాక దుకాణదారు పలకరించడానికి ఫోను చేశాడు. కొత్త ట్వీటర్లు వచ్చాయి, ఊరికే వేసిపెడతాను అన్నాడు. అక్కకు చెప్పాను.

"వెయ్యమను తమ్మీ," అన్నది. "ఖరాబు జేసింది నేనే. ఆయన ఇష్టంగ తెచ్చుకున్నడు. ఆయన పోయినంక గూడ నా ఏలు గుర్తు ఎందుకు అండ్ల?"

"ఒక్కసారి మీదికి రా అక్కా," అన్నాను. పిలవొద్దని బావ అన్న మాట గుర్తుంది. అయినా పిలిచాను.

ఆమె వచ్చింది. బావ కుర్చీలో కూర్చోమంటే కూర్చుంది. నేను ఫ్యాను ఆపి, ఆ పాట పెట్టాను.

"కుక్కర్ కూసింది. గిది మన గల్లీ గదా!" అన్నది. ఇంకొంచెం విన్నది. "గిది నేను గదా?"

నేను తల ఊపాను. పాట చరణం చివరికి వచ్చింది. అందరూ ఆపారు. ఆమె గొంతు సాగింది.

"అందరు ఆపినంక గూడ నేనేంది, గిట్ల గుంజుతున్న?"

"బావ గదే దేవులాడిండు అక్కా. గది వినవడుతదని గీటిని తెచ్చిండు."

పాట అయిపోయింది. లేస్తుందనుకున్నాను, లేవలేదు. "మళ్ల వెయ్యి," అన్నది. దిగేటప్పుడు, "దుకాణపాయనకు ఫోన్ జేసి వద్దని చెప్పు. ఉన్నయి ఉండనియ్యి," అన్నది.

ఇప్పుడు సాయంత్రాలు ఆమె వస్తోంది. నేను పక్క స్టూలు మీద కూర్చుంటాను. చాయ లోపలే తాగుతున్నాము.

మీతో పని పడింది ఇక్కడే. ఎండలు ముదిరాయి, ఉప్పల్ వైపు రోడ్డు తవ్విన దుమ్మంతా ఈ మేడ మీదికే వస్తోంది. ఆ గుంటల్లో బొట్టు ఇంకా ఉంది, రెండింటిలోనూ. దాని మీద మట్టి పొర పడుతోంది. గుడ్డతో తుడిస్తే దుమ్ముతోపాటు కుంకుమ కూడా వస్తుంది. అక్క ఇప్పుడు పసుపు కుంకుమ ముట్టడం లేదు. ముట్టొద్దని ఎవరూ అనలేదు, తనే మానుకుంది. పోతే ఇక ఆ బొట్టు మళ్లీ రాదు. నేను దగ్గరికి వంగి మెల్లగా నోటితో ఊదుతున్నాను. ఊదినప్పుడల్లా కాస్త ఎర్రటి పొడి నల్లరాయి మీద రాలుతోంది. బొట్టు చెదరకుండా దుమ్ము ఒక్కటే తీసే ఉపాయం మీలో ఎవరికైనా తెలిస్తే, దయచేసి తొందరగా రాయండి.