భార్గవి పెట్టని సంతకం

ఆ ఆదివారం గద్వాలలో బస్సు దిగి ఇంట్లోకి వచ్చీరాగానే భార్గవి భుజాన ఉన్న సంచిని గోడకేసి కొట్టింది. మగ్గం గుంటలో కూర్చున్న తండ్రి కృష్ణయ్య పట్టుపోగు అటూ ఇటూ దూర్చే నాడెను చేతిలోనే ఆపాడు.

"ఏమైంది బిడ్డా?"

"తప్పు నాదేనని సంతకం పెట్టాల్నంట. పెట్టకుంటే నౌకరికి రావొద్దంట."

వనపర్తిలో పాలిటెక్నిక్ చదివిన భార్గవి, హైదరాబాదులో విమానాల దారులను కంప్యూటర్లకు ఎక్కించే కంపెనీలో చేరింది. ఆకాశంలో గీతలు గీసే పిల్ల అని వాడలో పేరు. ఇప్పుడు అందులో ఒక గీత పక్కకు పోయింది. నేల మీది రేడియో కేంద్రం నుంచి బయల్దేరి తర్వాతి గుర్తును తాకాల్సింది, పరీక్షలో తాకకుండా తప్పుకుపోయింది. ఇంకా ఏ విమానమూ దాని వెంట ఎగరలేదు, అదే అదృష్టం.

"ఎందుకు పోయింది?" కూతురి పని అర్థం కాకున్నా అడగడం మానడు కృష్ణయ్య.

"దిక్సూచి ముల్లు అసలు ఉత్తరాన్ని చూపదు నాయినా, జర పక్కకు చూపుతది. ఆ తేడా గూడ ఏండ్లు పోయిన కొద్దీ మారుతది. కేంద్రం పెట్టిననాడు ఉన్న తేడాతోనే దాని దిక్కులన్నీ కట్టిండ్రు. దాన్ని మళ్ల సరిచేసేదాంక, దాని నుంచి గీసే గీతకు ఆ పాత తేడానే వాడాలె. మా రంజిత్ సార్ అన్నిటికీ ఈ ఏటిదే పెట్టమన్నడు. వద్దు సార్ అన్న. చెప్పింది చెయ్యి అన్నడు. చేసిన. ఒక్క డిగ్రీ తప్పితే, అరవై మైళ్లు పోయేసరికి ఒక మైలు పక్కకు!"

"పెద్దసారు గదా, పెట్టు సంతకం. నౌకరి ఉంటది."

భార్గవి కళ్లు ఎర్రబడ్డాయి. "సేటు ముంగట నువ్వు గిట్లనే వంగినవు!"

అప్పుడు ఆమె బడికి పోయే పిల్ల. సగం చీర నేశాక అంచుకు పట్టు అయిపోతే, నేత పని ఇచ్చే సేటు కొత్తగా అద్దిన పట్టు పంపాడు. ఎండలో పట్టి చూస్తే రెండు ఎరుపులు. రంగు కలవదని కృష్ణయ్య చెప్పినా సేటు వినలేదు. అంచు రంగు నట్టనడుమ విరిగింది. నలుగురిలో సేటు చీర మొహాన కొడితే, "నాదే తప్పు సేటు" అని చేతులు జోడించాడు కృష్ణయ్య. ఆనాటి నుంచి ప్రతి చీరకూ మొదటి పట్టు కొస ఒకటి మగ్గం గుంజకు కట్టుకుంటాడు. కొత్త పట్టును దాంతో పోల్చనిదే నాడె ముట్టడు.

"గా కొసను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతది. తప్పు వానిది, జాగ్రత్త నీది!"

కృష్ణయ్య గుంజకున్న కొసను వేళ్లతో తడిమాడు. నాడె కింద పెట్టాడు.

"ఫోన్ కొట్టు. పెట్టనని చెప్పు."

"సార్, సంతకం పెట్టను," అంది భార్గవి ఫోన్లో. "చెయ్యమన్నది మీరు, చేసింది నేను. ఇద్దరం పెడదామంటే పెడత."

"అయితే రేపొచ్చి నీ సామాను తీస్కపో," అన్నాడు రంజిత్.

"తీస్కపోత. ఆ గీతకు పాత తేడా పెట్టనిది మాత్రం బయటికి పంపకుండ్రి."

అవతల ఫోన్ పెట్టేశాడు.

కృష్ణయ్య గుంటలోంచి పైకెక్కాడు. "రేపు నేను గూడ వస్త, సామాను పట్టనీకి."

"సామానుదేముంది నాయినా! ఆ గీత సరిచేసి నాకు చూపించేదాంక ఆఫీసులో నా కుర్చీలోంచి లేవను."

"అట్లనా? మీ అమ్మకు చెప్పు, సద్ది జర ఎక్కువే కట్టమను."