రొయ్యల పెట్టెలో ఫ్లూ టీకా

భీమవరంలో మాది ఐసు ఫ్యాక్టరీ. చల్లదనం గురించి నాకెవరూ పాఠాలు చెప్పక్కర్లేదని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

అమ్మకు ఆస్తమా. కిందటేడు ఫ్లూ వచ్చి తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ఇంకోసారి వస్తే తట్టుకోలేదని నా భయం. టీకా వేయించుకోమంటే మాత్రం, డాక్టరుగారు చెప్పారా అని అడిగేది. ముప్పై ఏళ్లుగా మమ్మల్ని చూస్తున్న ఆయన చెబితే అమ్మ వేపాకు రసమైనా సంతోషంగా తాగేస్తుంది. కానీ ఆయన చెప్పరే! ఎప్పుడడిగినా చూద్దాం లెండి అనేవారు. గట్టిగా పట్టుకుంటే, కరెంటు పోయినప్పుడల్లా షాపుల్లో ఫ్రిజ్‌లు ఆగిపోతాయి, ఆ టీకాల మీద నాకు నమ్మకం లేదన్నారు.

అంతే, నాకు పూనకం వచ్చేసింది. అడ్డం చల్లదనమేనా? రాజమండ్రి వెళ్లి టీకా కొన్నాను. రొయ్యలు పంపే థర్మాకోల్ పెట్టెలో కింద ఐసు, పైన ఐసు, మధ్యలో టీకా. ఎక్స్‌పోర్టు రొయ్యలకు కూడా అంత మర్యాద చేసి ఉండను. చల్లదనం ఇంకా పెరగాలని రెండు గుప్పిళ్లు ఉప్పు కూడా చల్లాను. అమ్మను వెంటబెట్టుకుని, పెట్టె ఒళ్లో పెట్టుకుని, ఆటోలో పెళ్లికూతురిలా వెళ్లాను.

డాక్టరుగారు పెట్టె తెరిచి సిరంజి పైకెత్తి చూశారు. మందు గడ్డకట్టుకుపోయింది.

"అమ్మాయ్, ఇది రొయ్య కాదమ్మా. గడ్డకడితే ఇంక పనికిరాదు."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆయనకు మాత్రం ఎక్కడలేని హుషారొచ్చింది. టీకాను ఎలా దాచాలో, ఆస్తమా, షుగరు ఉన్నవాళ్లు ఏటా ఎందుకు వేయించుకోవాలో అరగంట క్లాసు పీకారు. అమ్మ కళ్లార్పకుండా వింది.

"ఇంత తెలిసి ఇన్నాళ్లూ చెప్పలేదేంటండి?" అంది అమ్మ.

ఆయన ముఖం చిన్నబోయింది. వచ్చిన జ్వరం చూసి పంపేయడమే తప్ప, రాబోయే జ్వరం గురించి చెప్పే అలవాటు పోయిందని ఒప్పుకున్నారు.

వారం తర్వాత కొత్త టీకాతో మళ్లీ వెళ్లాం. ఈసారి ఉప్పు లేదు, ఐసుకు గుడ్డ చుట్టాను, పక్కన థర్మామీటరు పెట్టాను. ఆయన చూసి తలూపారు. అమ్మ మాత్రం చెయ్యి చాపలేదు.

"మీకూ షుగరుంది కదండీ. మీరు వేయించుకున్నారా?"

ఆయన లేదన్నట్టు తల అడ్డంగా ఊపారు. నేను పెట్టెలోంచి రెండో సిరంజి తీశాను. రెండు తెమ్మని చెప్పింది అమ్మే.

డాక్టరుగారు చొక్కా చెయ్యి మడిచారు. నర్సు ముందు ఆయనకే వేసింది. ఆయన దూది అదిమి పట్టుకుని అమ్మవైపు తిరిగారు.

"మీరూ వేయించుకోండమ్మా."

ఏడాదిగా నేను ఎదురుచూసిన మాట అది. అమ్మ అప్పటికే చెయ్యి చాపేసింది.