చివరి బడి నుంచి మొదలు

ఆయన అసలు పేరు కట్టుకున్న భార్యకైనా గుర్తుందో లేదో. బడి పిల్లల దగ్గర్నుంచి స్టోర్సు ఆఫీసరు దాకా అందరికీ ఆయన హడావిడి మావయ్యే. ఆ మనిషి కూర్చుని కాఫీ తాగగా చూసినవాళ్ళు లేరు. పైగా నోట్లో నువ్వుగింజ నానదు.

సర్కారు బడులకు స్టోర్సు నుంచి సామాను చేరవెయ్యడం ఆయన పని. ఏళ్ళ తరబడి అదే డొక్కు వ్యాను, అదే దారి. స్టోర్సు పక్కనే గుట్ట కాబట్టి బంగళాల మధ్యనున్న గుట్ట బడి మొదలు. రేకుల ఇళ్ళ మధ్యనున్న కాలవ గట్టు బడి ఆఖరు.

లెక్కకి అందరూ సమానమే సుమండీ! బడికో గ్లోబు, బడికో ఫుట్‌బాలు, బడికో మైక్రోస్కోపు. కాకపోతే కొత్తవీ, పాతవీ కలిపి ఒకే వ్యానులో పడేస్తారు. వ్యాను ముందు చేరిన బడివాళ్ళు ముందు ఏరుకుంటారు. ఏరగా ఏరగా కాలవ గట్టుకు చేరేవి ఏముంటాయి? ఇరుసు విరిగిన గ్లోబు, గాలి నిలవని బంతి, లెన్సు లేని మైక్రోస్కోపు. లెన్సు లేని మైక్రోస్కోపు దేనికండీ, కాయితాలు ఎగిరిపోకుండా పెట్టుకోవడానికా? అందుకే గట్టున కాస్త ఓపికున్న తల్లిదండ్రులు రెండు బస్సులు మారైనా సరే పిల్లల్ని గుట్ట బడికే పంపిస్తున్నారు. గట్టు బడిలో పిల్లలు తగ్గారని పైవాళ్ళు పట్టించుకోరు. పట్టించుకోవడం లేదని ఉన్న పిల్లలూ పోతారు.

మావయ్య మనవరాలు ఆ గట్టు బడిలోనే ఏడో తరగతి. ఒక సాయంత్రం ఆ పిల్ల నేల మీద బోర్లా పడుకుని ఉల్లిపొర బొమ్మ గీస్తోంది.

"ఇలా గళ్ళు గళ్ళుగా ఉంటుందా ఉల్లిపొర? నువ్వు చూశావా?" అన్నాడు మావయ్య.

"ఎక్కడ చూస్తాను? పుస్తకంలో బొమ్మ చూసి గీస్తున్నా. నువ్వు తెచ్చినదానికి లెన్సు లేదుగా తాతయ్యా."

నువ్వు తెచ్చినదానికి! ఆ మాట మావయ్యకి చురుక్కున తగిలింది. భార్య ఊరుకుంటుందా? వంటింట్లోంచే అందుకుంది. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. మన పిల్లకి ఆ సామెత కూడా కలిసిరాలేదు."

మావయ్యకి ఒళ్ళు మండింది. ఎవరి మీదో కాదు, తన మీద తనకే. "అయితే ఈసారి కడబంతి నుంచే వడ్డిస్తా!" అని ఎగిరి లేచాడు.

"ఏమిటీ, దారి తిప్పేస్తారా? బండి మాన్పిస్తే ఏం తింటాం?" ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసింది.

"ఏ బడితో మొదలెట్టాలో నాకు ఎవడు చెప్పాడే? ఎవడూ చెప్పలేదు!"

కొత్త సామాను ఎక్కిన రోజున వ్యాను గుట్ట ఎక్కలేదు. మావయ్య హారన్ మోగించుకుంటూ సరాసరి కాలవ గట్టున దిగాడు. "టీచరమ్మా! రండి, రండి! అన్నీ ఉన్నాయి, ఎంచుకోండి!"

హెడ్మాస్టరమ్మ వచ్చింది. నిండు వ్యానును ఆవిడ ఎన్నడూ చూడలేదు. ఒక మూలనున్న లెన్సు లేని మైక్రోస్కోపు చేతిలోకి తీసుకుంది. "ఇదేగా మాది?"

"అయ్యో తల్లీ!" మావయ్య తల బాదుకున్నాడు. "అది కాదమ్మా! ఆ కొత్త పెట్టె విప్పండి!"

విప్పింది. లెన్సు తళుక్కుమంది. అంతే, ఆవిడకు పూనకం వచ్చినట్టయింది. బంతులన్నీ నేలకేసి కొట్టి చూసింది, గ్లోబులన్నీ తిప్పి చూసింది. "త్వరగా కానివ్వండమ్మా" అని మావయ్య కాళ్ళు కాలిన పిల్లిలా తిరుగుతుంటే, "ఉండండి మావయ్యా, ఇన్నేళ్ళకి దొరికింది" అని ఇంకో బంతి అందుకుంది. బడికి ఒకటి చొప్పునే తీసుకుంది. కానీ అన్నిట్లోకీ మంచిదే తీసుకుంది.

ఆఖరున గుట్ట బడికి మిగిలింది ఏమిటో చెప్పక్కర్లేదు. మర్నాడు పొద్దున్నే స్టోర్సు ఆఫీసరు రుసరుసలాడుతూ వచ్చి వ్యానెక్కాడు. "నీ సంగతి తర్వాత చూస్తా. ముందు ఆ మైక్రోస్కోపు వెనక్కి తెచ్చి గుట్ట బడిలో పెట్టాలి. నడుపు."

గట్టు బడి వరండాలో పిల్లలు బారులు తీరి ఉన్నారు. బల్ల మీద మైక్రోస్కోపు, దాని కింద ఉల్లిపొర. టీసీ అడగడానికి వచ్చిన ఒక తల్లి ఆ సంగతి మరిచిపోయి, తన కొడుకుని వరసలోకి తోస్తోంది.

"ఎక్కించు" అన్నాడు ఆఫీసరు.

మావయ్య వరసకేసి చూశాడు. ముందు మనవరాలు నిలబడి ఉంది, ఇంకా దాని వంతు రాలేదు. "నేను ఎక్కించను సార్" అన్నాడు. "బండి మాన్పించండి. ఇది మాత్రం ఎక్కించను."

హెడ్మాస్టరమ్మ బల్లకు అడ్డంగా వచ్చింది. "లెన్సు లేదని మేము ఏటేటా చెప్పాం సార్. ఏటేటా సర్దుకోమన్నారు. గుట్ట మీదవాళ్ళు నిన్న చెబితే ఇవాళ మీరే వచ్చారు."

ఆఫీసరు నోరు తెరిచేలోగా వరస ముందు నుంచి కేక వినబడింది. "తాతయ్యా! ఇటుకల గోడలా ఉంది! నిజంగానే గళ్ళున్నాయి తాతయ్యా!" మనవరాలు చప్పట్లు కొడుతూ గెంతుతోంది. వెనకవాళ్ళు "జరుగు, జరుగు" అని తోసుకుంటున్నారు.

ఆఫీసరు జేబులో ఫోను మోగింది. మైక్రోస్కోపు ఇంకా రాలేదేమని గుట్ట బడి హెడ్మాస్టరు అరవడం అందరికీ వినబడుతూనే ఉంది. ఆఫీసరు కాసేపు విన్నాడు. బల్ల వైపు చూశాడు, ఆ వరస వైపు చూశాడు.

"లేదండీ, కుదరదు. కొత్త లెన్సు తెప్పిస్తాం" అన్నాడు. "అందాకా సర్దుకోండి."

హెడ్మాస్టరమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. మావయ్యకి మాత్రం కాళ్ళు నేల మీద నిలవలేదు. గేటు దగ్గరకు పరుగెత్తి భార్యకి ఫోన్ కొట్టాడు. "ఏమే! చూసిందే! మన పిల్ల చూసిందే!"

"సరే, బండి ఉందా, పోయిందా?"

"అయ్యో, అడగడం మర్చిపోయానే!"

వ్యానులోంచి హారన్ మోగింది. ఆఫీసరు తల బయటపెట్టి అరిచాడు. "ఏమయ్యా, రావా? వచ్చే ఏడు ఏ బడితో మొదలెట్టాలో దారిలో మాట్లాడుకుందాం."