రేసు ఆగకూడదన్నారు

శుక్రవారం పొద్దున పదింటికి, కువైట్‌లో నేనుండే మహబూలాలో బస్సెక్కాను. నా బావమరిది సూరిబాబు ఒక కువైటీ గ్యారేజీలో మెకానిక్కు. తన చేతిమీదుగా తయారైన కారు రేసులో పరుగెడుతుంటే చూడమని రెండు శీతాకాలాలుగా పిలుస్తున్నాడు. ఏసీలు బాగుచేసుకునే నాకు శుక్రవారమంటే నిద్రే. ఈసారి కాదనలేక బయల్దేరాను.

వెళ్లదలచినవారికి ఒక మాట. ఫహాహీల్ దాకా సిటీ బస్సు ఉంది. అక్కణ్ణుంచి ఎడారిలోని ట్రాకుకు టాక్సీయే దిక్కు. తిరుగు ప్రయాణానికి కూడా ముందే మాట్లాడుకోండి, అక్కడ బండ్లు దొరకవు. నేను మలయాళీ హోటల్లో పరోటా తిని, పెషావర్ వాడి టాక్సీ మాట్లాడుకున్నాను. రేసుకని చెబితే, "పెట్రోలు తగలేసే పండగ" అని ఉర్దూలో నవ్వాడు. సాయంత్రం దాకా ఉండడానికి ఒప్పుకున్నాడు.

సూరి గేటు దగ్గరకొచ్చి నన్ను కార్ల షెడ్డులోకి తీసుకెళ్లాడు. బయటికి మామూలు కార్లే. లోపల మాత్రం ఒక సీటు, ఇనుప చట్రం తప్ప ఏమీ లేవు. ఒంటిగంటకు జెండా ఊపగానే చప్పుడు గుండెలో దిగింది. నిజం చెప్పాలి, నాకు నచ్చింది. సూరి వాళ్ల పసుపు కారు మలుపులో ఇద్దరిని దాటినప్పుడు నేనూ కేక పెట్టాను.

సగం రేసయ్యాక ఆ కారు ఆవిర్లు కక్కుతూ షెడ్డుకొచ్చింది. నడిపేది గ్యారేజీ యజమాని కొడుకు. ఇంజను చల్లారేదాకా ఆగాలని సూరి చెప్పాడు. అతను స్టీరింగు మీద చరుస్తూ యల్లా, యల్లా అని తొందరపెట్టాడు. సూరి గుడ్డ పట్టుకుని రేడియేటరు మూత తిప్పాడు. మరిగే నీళ్లు ఎగజిమ్మి మెడ మీద, కుడిచేతి మీద పడ్డాయి. మిగతా మెకానిక్కులు నీళ్లు నింపి మూత పెట్టారు. కారు వెళ్లిపోయింది.

అంబులెన్సు ఎదురుగానే ఉంది. పరుగెత్తి అడిగాను. అది కదిలితే రేసు ఆపాల్సి వస్తుందని, ఉన్నది నడిపేవాళ్ల కోసమని, అయ్యాక చూద్దామని నిర్వాహకుడు చెప్పాడు. నేను గొంతు పెంచేసరికి సూరి ఎడమచేత్తో నా చొక్కా లాగాడు.

"వొద్దు బావా. నా మూలాన రేసు ఆగితే ఉద్యోగం ఉంటాదా? నీ టాక్సీ ఉంది కదా, ఎల్దాం పద."

దారంతా సీసాల్లోని నీళ్లు చేతి మీద పోస్తూ కూర్చున్నాను. సీటు తడిసిపోతున్నా పెషావర్ వాడు ఒక్క మాట అనలేదు. ప్రభుత్వాసుపత్రిలో ఇఖామా, అంటే నివాస అనుమతి, చూసి వెంటనే లోపలికి తీసుకెళ్లారు. కట్లు కట్టి, మెడ మీద మచ్చ పోదన్నారు.

సాయంత్రం ఇంటికి వెళ్లే బస్సులో ఉండగా యజమాని కొడుకు ఫోన్ చేశాడు. మూడో స్థానం వచ్చిందట. రెండు రోజులు పడుకో, ఆ తర్వాత పనికి రా, ఖలాస్, అంతే. సూరి షుక్రన్ అని కృతజ్ఞత చెప్పి పెట్టేశాడు.

"మూడోదంటే తక్కువేం కాదు బావా," అన్నాడు.

ట్రాకు నున్నగా ఉంది, నీడ ఉంది, మంచినీళ్లు చల్లగా ఉన్నాయి. చూడదగ్గ చోటే. అక్కడ కారులో ఉన్నవాడు మనిషి. కారు పక్కన నిలబడ్డవాడు పనిముట్టు.

బస్సు దిగేలోగా నా భార్య ఊరి నుంచి ఫోన్ చేసి, తమ్ముడి రేసు ఎలా జరిగిందని అడిగింది. సూరి నావైపే చూస్తున్నాడు. బాగా జరిగిందన్నాను.