జాజు మరక పెంకు

తెర మామ పోయాడని మంగళవారం పొద్దున పాలవాడు చెప్పాడు. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నేను ముందు ఆకాశం వంక చూశాను. మబ్బు పట్టి ఉంది. అయ్యో, వానొస్తే కట్టెలు తడుస్తాయి కదా అనుకున్నాను. మనిషి పోయాడంటే ఏడుపు రావాలి గాని నాకు ముందు గుబులే వస్తుంది. నా పుట్టుకే అంత.

మామ మాకు చుట్టం కాదు, ఎదురింటి మనిషి. ఈ చంద్రపూర్ జిల్లా రాజురాలో నిజాం కాలంనాటి నాటకశాల ఒకటి ఉంది. అందులో తెర లాగేవాడు. ఆడేది తెలుగు నాటకమైనా మరాఠీదైనా తాడు ఆయన చేతిలోనే ఉండేది. ఆ తాడు పట్టీ పట్టీ వేళ్లు వంకరపోయాయి. అన్నం ముద్ద కలిపేటప్పుడు కూడా పూర్తిగా చాపలేకపోయేవాడు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో గాలిదుమారానికి నాటకశాల కప్పు లేచిపోయింది. ఆదిలాబాద్ కచేరిలో అర్జీ పెట్టుకుంటే సాయం చేస్తామన్నారట. ఇంతలో మా తాలూకాను ఆదిలాబాద్ నుంచి తీసి బొంబాయి రాష్ట్రంలో కలిపారు. అక్కడి మాట అక్కడే పోయింది. కొత్త కచేరికి పోతే పాత కాగితాలతో మాకేం పని అన్నారు. గోడలు మట్టివి. గడ్డి కప్పి ఒక వానకాలం ఎలాగో దాటించారు. ఇంకొకటైతే కరిగి కూలిపోయేవే.

అప్పుడు మామ పాత తెరను జోలె చేశాడు. గాలికి చిరిగిన తెర, దాని మీద రాజుగారి తోట బొమ్మ. నలుగురు నాలుగు కొసలు పట్టుకుని వీధి వీధీ తిరిగారు. పైసలు, జొన్నలు, బియ్యం ఆ తోట మీద వచ్చి పడ్డాయి. దూలాలకూ కూలికీ సరిపోయింది. కప్పుకు మాత్రం ఇంటికి యాభై గూన పెంకులు ఇవ్వాలని పెద్దలు చెప్పారు.

ఇక్కడి నుంచి చెప్పాలంటే నాకు ఇప్పటికీ రోత. రేపు మరాఠీవాళ్లదయ్యే కొట్టానికి మన మంచి పెంకులెందుకని తెలుగు ఇళ్లలో అనుకున్నారు. తెలుగువాళ్ల ఆటల కొట్టానికి మనవెందుకని మరాఠీ ఇళ్లలో అనుకున్నారు. ఇవ్వం అని మొహం మీద చెప్పడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. అందరూ ఇచ్చారు. బీట పడినవి ఏరి ఇచ్చారు. మా వీధి పటేలు ఇచ్చేది ఇచ్చి, పైనుంచి "ఇగ ఎవల నాటకం ఆడిస్తవ్‌రా?" అని నలుగురిలో నవ్వాడు.

"తెర గుంజుడు నా పని పటేలా. ఎవల నాటకమని అడుగుడు కాదు," అన్నాడు మామ.

నేనేం తక్కువ తినలేదు. వానకాలం మా ఇంటికే పెంకులు చాలకపోతే ఎట్లా అని భయం. మా గొడ్ల కొట్టం వెనక పారేసిన వాటిలోంచి ఏరి తెచ్చాను. మామ ప్రతి పెంకునూ వేలి కణుపుతో తట్టి చూసేవాడు. మంచిదైతే ఖంగుమంటుంది. నావి ఒక్కటీ ఖంగుమనలేదు. ఆ పొద్దున గోడకు జాజు పూశానేమో, ఒక పెంకు మీద నా నాలుగు వేళ్లూ ఎర్రగా అంటుకుని ఉన్నాయి.

"మంచిగున్నయా మామా?" అని అడిగాను, సిగ్గులేకుండా.

"ఎవలకెంత గుబులుందో పెంకనే చెప్తది కోడలా. ఉండనీ," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నాటకశాలకు పెంకులు కప్పాక మొదటి వాన పట్టపగలే దంచికొట్టింది. తల మీద చాట పెట్టుకుని నాటకశాలకు ఉరికాను. ఇచ్చిన పెంకులు ఎలాంటివో నాకు తెలుసు కదా. లోపల ఒక్క చుక్క లేదు. మట్టి నేల పొడిగా ఉంది. అమ్మయ్య అనుకుని తిరిగొచ్చేసరికి ఎదురింట్లో అత్త గిన్నెలన్నీ నేల మీద పరుస్తోంది. లోపలికి పోయి తలెత్తి చూశాను. వాళ్ల వంటింటి మూల ఒక పెంకు అడుగున ఎర్రటి నాలుగు వేళ్లు.

మామ తన ఇంటి మంచి పెంకులు తీసి నాటకశాలకు ఎక్కించాడు. ఊరు ఇచ్చిన బీటల పెంకులు తన నెత్తి మీద కప్పుకున్నాడు.

"గక్కడ కురిస్తే తెర తడుస్తదంట," అంది అత్త చెంబు జరుపుతూ. "ఈడనైతే తడిసేది నేనే గద. ఇగ నాకన్న తెరనే ముద్దు ఆయనకు." నవ్వుతూనే అంది. ఆ వానకాలమంతా దగ్గుతూనే ఉంది.

తరువాత తరువాత మామ ఏటా కొన్ని పెంకులు మార్చుకున్నాడు. వంటింటి మూల మాత్రం అలాగే మిగిలింది. నేనే మంచివి ఇద్దామని ప్రతి ఎండాకాలం అనుకునేదాన్ని. ఈ ఏడు పెళ్లి, ఆ ఏడు జబ్బు, ముందు మా ఇల్లు కురవకూడదు. అరవై ఏళ్లు అనుకున్నాను. అత్త పోయింది. మామ ఒక్కనాడూ ఆ పెంకుల మాట ఎత్తలేదు. పొద్దున్నే ఎదురుపడితే "నిద్రపట్టిందా కోడలా?" అని మాత్రం అడిగేవాడు. పట్టదని ఆయనకు తెలుసు.

పదమూడో రోజు తరువాత నాటకశాలలోనే సంతాప సభ పెట్టారు. పటేలు కొడుకు మైకు పట్టుకుని చెయ్యి పైకి చూపించాడు. మా నాయన ఇచ్చిన పెంకులు ఇన్నేళ్లయినా చెక్కు చెదరలేదన్నాడు. మరాఠీ పెద్దమనిషి లేచి తమ తాతదీ అదే కథ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. లేచి నిజం చెబుదామనుకున్నాను. రేపు వీధిలో ఎవరూ పలకరించకపోతే ఎట్లా అని కూర్చుండిపోయాను. నా చేతులు కూడా చప్పట్లు కొట్టాయి. అప్పటి నుంచి వాటితో అన్నం కలుపుకోవాలన్నా ఏవగింపుగా ఉంది.

సభ నుంచి వచ్చి మా ఇంట్లో దాచిన పెంకుల్లో ఒకటి తీశాను. కణుపుతో తట్టాను. ఖంగుమంది. కొంగులో పెట్టుకుని ఎదురింటికి మోసుకుపోయాను. తాళం వేసి ఉంది. కప్పెక్కే ఒళ్లా నాది? వంటింటి గోడకు ఆనించి వచ్చాను.

నిన్న వాన పడింది. మా గడపలో నిలబడి చూశాను. నేను పెట్టిన మంచి పెంకు గోడ కింద తడుస్తోంది. లోపల, ఎర్ర వేళ్ల పెంకు కింద మామ పెట్టిన చెంబు ఎవరూ తీసినట్టు లేదు. చుక్క చుక్క పడుతున్న చప్పుడు వీధి దాటి వినిపిస్తోంది.