నేను ‘వెరీ గుడ్’ అన్న పాము

సిద్దిపేట శివారులో పొలాలను ఆనుకుని ఉన్న బడిలో నేను ఇంగ్లీషు టీచర్‌ని. నా పీరియడ్‌లో తెలుగు మాట్లాడినవాళ్లు గంట కొట్టేదాకా నిలబడాలి. అది నా రూలు.

ఆ వానాకాలం ఆరో తరగతికి ‘ఇన్‌టు’, ‘అండర్’, ‘అవుటాఫ్’ చెబుతూ బోర్డు మీద రాస్తున్నాను. ఎన్నడూ నోరు విప్పని రజియా వెనక నుంచి అంది.

“మేడమ్, స్నేక్ ఈజ్ కమింగ్ ఇన్‌టు ద క్లాస్.”

పొంగిపోయాను. “వెరీ గుడ్! ఇంకోటి చెప్పు.”

“స్నేక్ ఈజ్ గోయింగ్ అండర్ యువర్ టేబుల్.”

తరగతిలో చప్పుడు లేదు. తిరిగి చూస్తే టేబుల్ కింద, నా చెప్పులకు జానెడు దూరంలో, నాగుపాము పడగ విప్పి ఉంది.

“మీరు కదలకుండ్రి మేడమ్,” రజియా నెమ్మదిగా అంది. “దాని తొవ్వల అది పోతది.”

పాము కాసేపు ఊగి, పడగ దించి, గడప దాటి నీటి ధారలా వరిచేలోకి జారిపోయింది. భయంలోనూ కళ్లు తిప్పుకోలేకపోయాను. అంత అందమైన నడక అంతకుముందు చూడలేదు.

తేరుకుని చూస్తే రజియా ఒక్కతే నిలబడి ఉంది.

“ఏమైంది తల్లీ?”

“తెలుగు మాట్లాడిన కద మేడమ్.”

పడగను చూసి వణకని పిల్ల నా రూలుకు భయపడింది.