గోడకీ బస్తాలకీ మధ్య సందు

నా చిన్నప్పుడు మేం రేపల్లెలో ఒక రైసుమిల్లు ఆవరణలోనే కాపురముండేవాళ్ళం. నాన్న అక్కడ గుమాస్తా. పక్కింటి అక్క లైబ్రరీ నుంచి తెచ్చిన పిల్లల నవలొకటి మధ్యాహ్నాలు మాకు చదివి వినిపించేది. అందులో ఓ పిల్ల ఇరుకు సందులో దూరి వేరే లోకానికి వెళ్తుంది. ఆమె మాట నమ్మి వెంట వెళ్ళిన స్నేహితురాలు అక్కడి రాజుకు చిక్కుతుంది. "దీనికి దారి చూపించిందెవరు?" అని రాజు గర్జిస్తాడు. సందులో దూరే ఆ తెగువ చూసి నాకు ఆ పిల్లంటే వెర్రి ఇష్టం.

గోడ చెమ్మ తగలకుండా మా గోడౌనులో ధాన్యం బస్తాల నెట్టును గోడకు మూరెడు ఎడంగా పేర్చేవారు. ఆ లోకం ఈ సందు చివరే ఉందని ఐదేళ్ళ మా చెల్లెలికి చెప్పింది నేనే. నిజంగా పోతుందనుకోలేదు.

ఓ మధ్యాహ్నం చెల్లెలు కనపడలేదు. అమ్మ కాలవ గట్టుకు పరిగెత్తింది, నాన్న స్టేషనుకు. గోడౌను ముందు లారీ ఆగి ఉంది. హమాలీలు బస్తాలు లాగి మోస్తున్నారు. లాగడంలో ఏమాత్రం తేడా వచ్చినా నెట్టు గోడవైపు ఒరిగిపోతుందని మిల్లులో పెరిగిన పిల్లలందరికీ తెలుసు. చెబితే అమ్మ చంపేస్తుంది. చెప్పకపోతే ఏమవుతుందో అనుకోవడానికే భయమేసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్కో బస్తా బయటికి పోతుంటే చూస్తూ నిలబడ్డాను.

పక్కింటి అక్క నా ముఖం చూసింది. గదమాయించలేదు. పక్కన కూర్చుని, "ఏమే, కథలో రాజు అడిగినప్పుడు ఆ పిల్ల ఏమంది?" అంది.

"దారి చూపించింది నేనే, అంది" అన్నాను. అనగానే ఏడుపు తన్నుకొచ్చింది. "చెల్లి గోడౌన్లో ఉందక్కా, సందులో."

అక్క చెప్పుల్లేకుండా ఎండలో పరిగెత్తింది. "బాబాయ్, ఆపండి! గుమాస్తాగారి చిన్నది వెనకాల ఉందండీ!"

మేస్త్రి చెయ్యెత్తాడు. పైనుంచి ఒక్కో బస్తా దించుతుంటే నెట్టు ఓసారి కదిలింది. హమాలీలంతా భుజాలు ఒడ్డి ఆపారు. చివరికి ఒకాయన చెల్లెల్ని రెక్క పట్టుకుని పైకి లాగాడు. ఒళ్ళంతా దుమ్ము, కానీ ఊపిరుంది. నన్ను చూసి, "అక్కడేం లేదే అక్కా" అంది.

అమ్మ నన్ను కొట్టింది. కొట్టాల్సిందే.

మర్నాడు అక్క ఆ పేజీనే మళ్ళీ చదివింది. సందులో ఎవరైనా దూరతారు, రాజు ముందు ఆ ముక్క చెప్పడానికే గుండె కావాలని ఈసారి నాకు అర్థమైంది.

చెల్లెలిప్పుడు తెనాలిలో ఉంటోంది. మనవలకు, "ఆరోజు మా అక్కే నన్ను కాపాడింది" అని చెబుతుంటుంది. నేను పక్కనుంటే ఊరుకోను. "పంపించింది కూడా నేనేరా" అంటాను. ఇన్నేళ్ళయినా ఆ మాట అనడం నాకు తేలిక కాలేదు. అయినా అంటాను.